నోటుపై లేని బొమ్మలు, ఉన్న అక్షరములు

మన కొరాపుట్, రాయగడ జిల్లాలలో వారపు సంతను ఎఱుగని విద్యార్థి యుండడు. చాటికోనలో బుధవారమునాడు నియమగిరి కొండలనుండి డొంగరియా కంధులు దిగివచ్చి పసుపు, అనాసపండ్లు, అరటిగెలలు అమ్ముదురు. కుందులి సంతకు చుట్టుపట్ల కొండగ్రామములవారు కూరగాయల బుట్టలతో వత్తురు. అట్టి సంతలలో ఒకదానియందు కొన్నేండ్ల క్రిందట మేము కన్నులార చూచిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించెదము.

ఒక వృద్ధురాలు పసుపుకొమ్ములు అమ్ముకొని, ఆ సొమ్ముతో ఉప్పును, నూనెను కొనుటకై ఒక అంగడికి వచ్చెను. ఆమె చేతిలో పదిరూపాయల బిళ్ళలు ఆఱు ఉండెను. వర్తకుడు వానిని త్రిప్పి త్రిప్పి చూచి, నాలుగింటిని తిరిగి ఆమె చేతిలో పెట్టి, "ఇవి చెల్లవు. వీనిపై గీతలు పదునైదున్నవి. పది గీతలున్నవే మంచివి" అని దేశియా మాటలలో చెప్పెను. ఆమెకు చదువు రాదు. ఎదురు మాటాడక, ఉప్పు మాత్రము తీసికొని, నూనె మాని, వెడలిపోయెను. మా ప్రక్కనున్న విద్యార్థులిద్దఱు "మాష్టారూ! ఆ గీతల మాట నిజమేనా?" అని అడిగిరి. ఆనాడు మేము నిశ్చయముగా సమాధానము చెప్పలేకపోతిమి. తెలియనందున ఊరకుంటిమి. మా యూరకుండుటవలన ఆ వృద్ధురాలు నలుబది రూపాయల వస్తువులను కోల్పోయినది. ఆ వెలితిని తీర్చుకొనుటకే తరువాత ఈ విషయమును శ్రద్ధతో తెలిసికొంటిమి. తెలిసినదానిని ఇప్పుడు మీ ముందుంచుచున్నాము.

మొదట ఆ బిళ్ళ సంగతి. మన దేశమున పదిరూపాయల నాణెము 2009వ సంవత్సరమున చెలామణిలోనికి వచ్చెను. రూపాయికి ప్రత్యేకమైన గుర్తును ప్రభుత్వము 2010 జూలైలో స్వీకరించెను. అందుచేత 2011 మొదలుకొని వచ్చిన బిళ్ళలపై ఆ గుర్తును, దానిపై పది కిరణరేఖలును ఉండెను. అంతకు ముందు వచ్చిన ఒక తరహా బిళ్ళపై రూపాయి గుర్తు లేదు, కిరణరేఖలు పదునైదు. రెండును ప్రభుత్వ టంకసాలలలో తయారైనవే. గీతలు వేఱు, విలువ ఒక్కటే. కాని ఆంధ్ర, తమిళనాడు, ఒడిశా మున్నగు పెక్కు ప్రాంతములలో "పదునైదు గీతల బిళ్ళ దొంగ బిళ్ళ" అను వదంతి ప్రబలెను. రిజర్వు బ్యాంకువారు 2016 నవంబరులోను, మరల 2018 జనవరి 17వ తేదీనను ప్రకటనలు చేసిరి. అప్పటివఱకు వెలువడిన 14 రకముల పదిరూపాయల బిళ్ళలు అన్నియు చెల్లునని ఈ రెండవ ప్రకటనలో స్పష్టముగా తెలిపిరి. అనగా ఆ వర్తకుడు చూచిన గీతలు నిజమైనవే. వానికి చెప్పుకొన్న అర్థము మాత్రము అబద్ధము. ఈ భేదమును విద్యార్థులు బాగుగా గమనింపవలెను. వదంతులలో పెక్కు ఇట్టివే. కన్ను చూచినదానికి మనస్సు ఒక కథ కట్టును. తుదకు ఆ కథయే కన్నునకు కూడ కనబడును.

ఇట్టిదే మఱియొక యుదాహరణము. 2006 ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన రూపాయి, రెండు రూపాయల బిళ్ళలపై ఒకదానినొకటి ఖండించు రేఖలును, వాని సందులలో నాలుగు చుక్కలును ఉండెను. భిన్నత్వములో ఏకత్వమును ఆ చిహ్నము తెలుపునని రిజర్వు బ్యాంకువారి వివరణము. నలుగురు ఒక్క శరీరముగా కలిసియుండుట దాని భావము. కాని దేశమున పలువురకు అందు క్రైస్తవుల శిలువ కనబడెను. "మన నాణెముపై శిలువ యేల?" అని వాదములు చెలరేగెను. అందఱును కలిసియుండవలెనని గీసిన బొమ్మయే జనులమధ్య తగవునకు కారణమయ్యెను. 2007లో వేఱు నాణెములు వచ్చెను. రూపాయిపై ఎత్తిన బొటనవ్రేలు, రెండు రూపాయలపై రెండు వ్రేళ్ళు. ఇట్లు హస్తముద్రలతో విలువను తెలుపునట్లు వానిని రూపొందించిరి. నిజమునకు ఆ వెనుకటి నాణెములపై వినదగిన ఆక్షేపణ వేఱొకటి కలదు. అంతకు ముందటి రెండు రూపాయల బిళ్ళ పదునొకండు మూలలు గలది. చేతితో తడవి పోల్చుకొనవచ్చును. క్రొత్తది గుండ్రనిది. కావున అంధులకు నాణెములను పోల్చుకొనుట కష్టమైనది. శిలువ తగవు సందడిలో ఈ న్యాయమైన మొఱను విన్నవారు తక్కువ.

ఈ గుణము మన దేశమువారిదే కాదు. కెనడా దేశమున 1954లో ఎలిజబెత్తు రాణి చిత్రముతో క్రొత్త నోట్లు వెలువడెను. యూసుఫ్ కార్ష్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు 1951లో తీసిన పటమును చూచి ఆ చిత్రమును చెక్కిరి. కొంతకాలమునకు జనులు రాణిగారి చెవి వెనుకనున్న ముంగురులలో ఇకిలించు దయ్యపు మొగము కనబడుచున్నదని చెప్పుకొనసాగిరి. ఒకరు చూపగా మఱియొకరు చూచిరి. చెక్కినవాడు కావలెననియే దయ్యమును దాచెనని కూడ కొందఱనిరి. అసలు సంగతి ఏమనగా, ఆ వెలుగునీడలు మూలమైన ఛాయాచిత్రములోనే ఉన్నవి. చెక్కినవాడు వానిని ఉన్నవి ఉన్నట్లు దించెను. అయినను 1956లో ఆ బ్యాంకువారు జుట్టులోని తెల్లని చాయలను నలుపుచేయించి నోట్లను మరల అచ్చొత్తించిరి. దయ్యము మాయమయ్యెను. నేడు నాణెములను, నోట్లను సేకరించువారు ఆ "దయ్యపు తల" నోట్లకు ఎక్కువ వెల యిచ్చి కొనుచున్నారు!

లేని మొగము కన్నునకు ఏల కనబడును? దీనికి సమాధానము మన అమ్మమ్మలు వెన్నెలలో చెప్పిన కథలలోనే యున్నది. చంద్రునిలో కుందేలున్నదని మనము చిన్ననాటనే విందుము. శశాంకుడు అను పేరునకు కుందేలు గుర్తుగా గలవాడని అర్థము. నిజమునకు అవి పూర్వము కరగి ప్రవహించి గడ్డకట్టిన శిలామయమైన నల్లని మైదానములు. ఒకసారి కుందేలని విన్నవానికి అక్కడ చెవులు, తోక, కాళ్ళు అన్నియు అమరును. 1976 జూలై 25వ తేదీన వైకింగ్ 1 అను అమెరికా వ్యోమనౌక కుజగ్రహమును ఛాయాచిత్రము తీయగా, అందు ఒక మానవముఖము కనబడినది. దానినిగూర్చి ఎన్నో గ్రంథములు పుట్టెను. 1998లోను, 2001లోను మఱియొక నౌక అంతకంటె స్పష్టమైన పటములను తీయగా అది సాధారణమైన కొండయని తేలెను. రెండు చుక్కలు, వాని క్రింద ఒక గీత ఉన్నచో చాలును. మన మెదడు దానిని ముఖముగా చదువును. పుట్టిన శిశువు సైతము ముఖమువంటి ఆకృతులవైపే ఎక్కువ చూచును. ఈ స్వభావమును శాస్త్రజ్ఞులు పారిడోలియా అని పిలుతురు.

ఇది రోగము కాదు, తెలివితక్కువ కాదు. మసకచీకటిలో త్రాటిని చూచి పామని భ్రమించినవానికి కలుగు నష్టము స్వల్పము. పామును చూచి త్రాడని తలంచినవానికి ప్రాణాపాయము. అందుచేత లేనిదానిని చూచు కన్ను మనిషికి పూర్వము మేలే చేసినది. మన వేదాంతులును రజ్జుసర్ప దృష్టాంతమును చెప్పిరి. అయితే ఆ దృష్టాంతములో ఒక రెండవ భాగము కూడ కలదు. దీపము తెచ్చి చూచినచో పాము పోయి త్రాడే మిగులును. దీపము తేకుండ "పాము! పాము!" అని ఊరంతయు కేకలు వేయుటయే దోషము.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల పాత నోట్లు రద్దయినవని ప్రకటన వెలువడినది మీ పెద్దలకు జ్ఞాపకముండును. కొద్ది దినములలో క్రొత్త 500, 2000 రూపాయల నోట్లు వచ్చెను. జనులు కలవరములో నుండిరి. చేతిలో చిల్లర లేదు. నోటు రూపము క్రొత్తది. భయమును, క్రొత్తదనమును కలిసిన చోట వదంతి వర్షాకాలపు కలుపువలె పెరుగును. రెండువేల నోటులో సూక్ష్మమైన చిప్పు ఒకటి దాగియున్నదనియు, ఆ నోటును భూమిలో 120 మీటర్ల లోతున పాతినను ఆకాశమందలి ఉపగ్రహము కనిపెట్టుననియు దేశమంతట చెప్పుకొనిరి. కొంచెము ఆలోచింపుడు. దారి చూపు ఉపగ్రహములు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. అవి సంకేతములను పంపును. క్రింది యంత్రము వానిని స్వీకరించును. క్రిందినుండి బదులు పంపవలెనన్నచో శక్తి కావలెను. మన ఇంటి ఫోనునకే ప్రతిదినము చార్జి పెట్టుచున్నాము గదా! కాగితమంత పలుచని నోటులో ఆ శక్తి ఎక్కడిది? అన్ని మీటర్ల మట్టిని దాటి సంకేతము ఎట్లు పోవును? రిజర్వు బ్యాంకువారు ప్రకటించిన నోటు లక్షణములలో చిప్పు అను మాటయే లేదు. ఆ రెండువేల నోటును 2023 మే 19వ తేదీన చెలామణినుండి ఉపసంహరించుచున్నట్లు ప్రకటించిరి. నోటు పోయినను చిప్పు కథ నేటికిని కొందఱి నోట నున్నది.

ఆ నోటునందే మఱియొక "తప్పు"ను కొందఱు కనిపెట్టిరి. దాని వెనుకవైపున "దోన్" అను మాట నాగరలిపిలో కనబడెను. హిందీలో రెండునకు "దో" అందురు. కావున ప్రభుత్వమువారు అక్షరదోషముతో నోటు అచ్చువేసిరని నవ్విరి. నోటు వెనుక నిలువుగా నున్న పట్టికలో హిందీయే లేదని వారికి తెలియదు. హిందీకి నోటుపై వేఱుగ పెద్ద చోటున్నది. పట్టికలో నాగరలిపిలో వ్రాయబడినవి కొంకణి, మరాఠీ, నేపాలీ, సంస్కృతము. మరాఠీలోను, కొంకణిలోను రెండును "దోన్" అనియే అందురు. తమకు తెలియని భాషను తమ భాషలోని తప్పుగా చదివిరి!

ఇచ్చట మన ప్రాంతపు విద్యార్థులు ఒక్క క్షణము ఆగవలెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు మదరాసు రాజధానిలోనున్న ఈ కొండసీమ ఒడిశాలో చేరినది. అప్పటినుండియు ఇచ్చటి తెలుగువారము అల్పసంఖ్యాక భాషవారము. మన అక్షరములను చూచి జిలేబీచుట్టలని నవ్వినవారిని మనము ఎఱుగుదుము. ఒడియావారి గుండ్రని అక్షరములను చూచి అట్లే నవ్వినవారు మనలోను కలరు. తెలియని లిపి తప్పుగా కనబడుట, తెలియని గీత మోసముగా కనబడుట, రెండును ఒకే అజ్ఞానపు బిడ్డలు. మనకు తగిలినప్పుడు నొప్పించినదానిని మనము ఇతరులకు చేయరాదు.

వదంతులు అంతటితో ఆగలేదు. 2023 జూలైలో, వరుస సంఖ్య నడుమ చుక్కగుర్తు ఉన్న నోట్లు దొంగనోట్లని ప్రచారము సాగినది. నూఱు నోట్ల కట్టలో అచ్చు చెడిన నోటునకు బదులుగా పెట్టు నోటునకే ఆ చుక్క వేయుదురనియు, ఆ పద్ధతి 2006 నుండియే కలదనియు రిజర్వు బ్యాంకువారు జూలై 27వ తేదీన వివరించిరి. అయిదువందల నోటుపై పచ్చని పట్టీ గాంధీ మహాత్ముని బొమ్మకు దగ్గఱగా నున్నచో అది చెల్లదని మఱియొక పుకారు. ఆ పట్టీ కొంచెము అటో ఇటో యుండుటవలన నోటు చెల్లకపోదు.

ఇక నోటులో నిజముగా దాచబడినవి లేవా? కావలసినన్ని కలవు! ఇదియే వింత. లేని దయ్యమును వెదకు కన్నులు ఉన్న అద్భుతమును చూడవు. ఇంటివద్ద చాక్లెట్టు రంగుగల క్రొత్త పదిరూపాయల నోటును ఒకదానిని, ఒక భూతద్దమును తీసికొని మీరే పరీక్షింపుడు. ఈ నోటు 2018 జనవరిలో వెలువడినది. కొలత 123 మిల్లీమీటర్ల పొడవు, 63 మిల్లీమీటర్ల వెడల్పు. ముందుగా దానిని వెలుతురునకు ఎదురుగా ఎత్తిపట్టుడు. ఖాళీగా కనబడుచోట గాంధీ మహాత్ముని నీడరూపమును, ప్రక్కన 10 అంకెయు వెలుగును. అది సిరాతో అచ్చొత్తినది కాదు. కాగితమును తయారుచేయునప్పుడే పలుచగా, మందముగా అమర్చినది. తరువాత, ముందువైపు సగము, వెనుకవైపు సగము అచ్చయిన చిన్న అంకెను చూడుడు. వెలుతురులో రెండు సగములును అతుకుకొని ఒక్కటే 10 అగును. కాగితములో అల్లిన దారముపై అక్షరములను చదువుడు. వరుస సంఖ్యలో అంకెలు చిన్నవిగా మొదలై క్రమముగా పెద్దవగుటను గమనింపుడు. భూతద్దముతో చూచినచో గీతవలె తోచుచోట సన్నని అక్షరములు బయటపడును.

పెద్ద నోట్లలో ఇంకను కలవు. నూఱు, రెండువందలు, అయిదువందల నోట్లను కన్నుల యెత్తున వంచి పట్టినచో వాని విలువ తెలుపు అంకె ఒక్కసారి బయటపడును. వంచినకొలది దారము పచ్చరంగునుండి నీలమునకు మాఱును. ఈ నోట్ల అంచులలో ఉబ్బెత్తుగా వాలు గీతలు ఉండును: నూఱునకు నాలుగు, రెండువందలకు నాలుగు గీతలు, నడుమ రెండు సున్నలు, అయిదువందలకు అయిదు. ఇవి చూపులేనివారు వ్రేళ్ళతో తడవి చదువుకొనుటకు. కన్నులున్న మనము ఎన్నడును గమనింపని ఈ గీతలను కన్నులు లేనివారు ప్రతిదినము చదువుచున్నారు.

పదిరూపాయల నోటును వెనుకకు త్రిప్పుడు. అందు కనబడునది మన ఒడిశాలోని కోణార్క సూర్యదేవాలయము. 13వ శతాబ్దమున గాంగవంశపు రాజు మొదటి నరసింహదేవుడు కట్టించినది. ఆ ప్రక్కన నిలువు పట్టికలో 15 భాషలు, ఆంగ్లాక్షర క్రమమున అస్సామీతో మొదలై ఉర్దూతో ముగియును. హిందీని, ఆంగ్లమును కలిపినచో నోటుపై 17 భాషలు. పైనుండి లెక్కింపుడు: పదవది ఒడియా, "దశ టంకా" అని. పదునాలుగవది తెలుగు, "పది రూపాయలు" అని. టంకా అను మాట సంస్కృతపు టంకమునుండి, రూపాయి అను మాట రూప్యమునుండి వచ్చినవి. టంకసాల అను తెలుగుమాటలో ఆ టంకము మనకును మిగిలియున్నది. మన పాఠశాలలో ఒక బల్లపై కూర్చుండు తెలుగు పిల్లవాడును, ఒడియా పిల్లవాడును నాలుగు వరుసల దూరమున ఆ నోటుపై కలిసియున్నారు. ఇన్నేండ్లుగా జేబులో నుంచుకొని దీనిని చూచినవారు మనలో ఎందఱు?

చూచినవారు మఱియొక సంగతిని కూడ చూడవలెను. ఆ పట్టికలో కువి లేదు, కుయి లేదు, సవర లేదు, గదబ లేదు. సంతకు పసుపు తెచ్చిన ఆ వృద్ధురాలు తన భాషలో ఆ నోటును చదువజాలదు. మనకు నోటుపై ఒక వరుస యున్నది, ఆమెకు లేదు. ఆమె నోటును, బిళ్ళను రంగునుబట్టి, పరిమాణమునుబట్టి, ఎదుటివాని మాటనుబట్టి నమ్మును. ఎదుటివాని మాట అబద్ధమైనప్పుడు ఆమెకు మిగులునది ప్రక్కనున్న చదువుకొన్నవాడే. ఆనాడు ప్రక్కనున్న మేము మౌనముగా నుంటిమి.

కాబట్టి విద్యార్థులారా! నోటుపై వింతను చూచితిమని ఎవరైన చెప్పినప్పుడు మొదట మీ కన్నులతో చూడుడు. కనబడినదెంత, చెప్పుకొన్నదెంత అని వేఱుచేయుడు. తరువాత తెలిసినవారిని, బ్యాంకువారిని అడుగుడు. నోటుపై నిజమైన అనుమానము కలిగినచో దానిని బ్యాంకులోనే చూపవలెను. సంతలో పేదవాని చేతిలో త్రోసిపుచ్చరాదు. తెలిసికొనువఱకు ఆ మాటను ఇంకొకరికి చేరవేయకుడు. తెలిసికొన్న పిమ్మట మాత్రము ఊరకుండకుడు.

ఇటీవల మా తరగతిలోని పిల్లలు రెండు తరహాల పదిరూపాయల బిళ్ళలను ఒక అట్టపై అంటించి, "రెండును చెల్లును" అని తెలుగులోను, ఒడియాలోను వ్రాసిరి. కువి మాట్లాడు ఒక బాలుడు తన భాషలో ఆ మాటను తెలుగక్షరములతో వ్రాసి మూడవ వరుసగా చేర్చెను. రాబోవు సంతనాడు ఆ అట్టను తీసికొనిపోవలెనని వారు నిశ్చయించుకొన్నారు. ఈసారి మేమును వారితో పోదుము.